ప్రాస్పర్‌లో పెరటి ఈతకొలను, స్పా: ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

ఉప్పుటేరు_వాసి

డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్‌లో మాది పడమటి ముఖం ఇల్లు, పెరడంతా తూర్పు వైపున ఉంటుంది. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, మూడున్నర నుంచి ఆరు అడుగుల లోతుతో ఒక కొలను, దాని అంచును ఆనుకొని 18 అంగుళాలు ఎత్తుగా ఎనిమిది అడుగుల చదరపు స్పా (వేడినీళ్ల తొట్టె) కట్టించాలని నిర్ణయించుకున్నాం. ముగ్గురు బిల్డర్లు వచ్చి చూశారు. వారిలో ఒకరి నమూనా ఇంట్లో అందరికీ నచ్చింది. ధర 1,18,000 డాలర్లు చెప్పారు, శుక్రవారంలోగా సంతకం పెడితేనే ఆ ధర నిలుస్తుందని కూడా అన్నారు.

నన్ను ఆపుతున్న విషయం ఒకటుంది. మట్టి పరీక్ష చేయిస్తారా అని అడిగితే, ఈ చుట్టుపక్కల ఎన్నో కొలనులు కట్టామనీ, ఆ ఖర్చు దండగనీ జవాబిచ్చారు. తీరా ఒప్పందం ఇంటికి తెచ్చుకొని చదివితే, భూమి కదలిక వల్ల కొలను పగిలినా ఒరిగినా తమకు బాధ్యత లేదని హామీల పేజీలో స్పష్టంగా రాసి ఉంది. పరీక్ష అక్కర్లేదన్న మనిషే బాధ్యత లేదని రాయించుకోవడం నాకు మింగుడు పడటం లేదు. ఇక్కడ అందరూ దీన్ని ఇలాగే ఒప్పుకుంటున్నారా?

చెల్లింపులు సంతకానికి పది శాతం, తవ్వకానికి ముప్పై, గనైట్ (గొట్టంతో వేగంగా కొట్టే కాంక్రీటు) కొట్టిన రోజున నలభై, డెక్ (కొలను చుట్టూ పోసే గట్టు) అయ్యాక పదిహేను, ప్లాస్టరుకు ముందు అయిదు అని రాశారు. ఇంకొకటి, భీమవరం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ, నీరు ఈశాన్యంలోనే ఉండాలంటోంది. ఆ మూలలోనే వెనుక కంచె వెంబడి వాననీరు పారే ఈజ్‌మెంట్ (ఏమీ కట్టకుండా వదలాల్సిన స్థలం) ఉంది. స్పా గురించి కూడా అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సెలీనా_శ్రీ

మేము మట్టి పరీక్ష లేకుండానే కట్టించుకున్నాం. తొమ్మిదేళ్లయింది, ఒక్క టైలు కూడా కదలలేదు. మా వీధిలో ఉన్న మిగతా కొలనుల సంగతీ అంతే. భూమి కదలిక మినహాయింపు దాదాపు ప్రతి ఒప్పందంలోనూ కనిపిస్తుంది కాబట్టి, దాని కోసం నచ్చిన మనిషిని వదులుకోవద్దని నా సలహా. ఆ డబ్బు మంచి పెబుల్ ఫినిష్ (కొలను లోపలి గులకరాళ్ల పూత) మీద పెట్టండి. రోజూ కంటికి కనిపించేది అదే.

నల్లరేగడి_ఇంజనీరు

శ్రీ గారి కొలను చక్కగా నిలిచినందుకు సంతోషం. కానీ ఒక స్థలంలో నిలిచిందని పక్క స్థలంలోనూ నిలుస్తుందని ఈ నేలలో చెప్పలేం. డాలస్ చుట్టుపక్కల ఉన్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ నేల, మన నల్లరేగడి జాతికి చెందినదే. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్లు తీసి, వాన పడగానే ఉబ్బి మూసుకుపోయే మట్టి ఇది. పైగా కాలనీ వేసేటప్పుడు ఎత్తు ఉన్నచోట కోసి, పల్లంలో పోసి స్థలాలు చదును చేస్తారు. మీ కొలనులో సగం పాత నేల మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటే రెండు సగాలూ రెండు విధాలుగా కదులుతాయి. పైనుంచి పచ్చగడ్డి చూసి ఎవరూ ఆ తేడా చెప్పలేరు, ఎన్ని కొలనులు కట్టినవారైనా సరే.

చాలామంది కొలను బరువుకు నేల కుంగుతుందని భయపడతారు. నిజానికి తవ్వి తీసేసిన మట్టి ఘనపుటడుగుకు వంద పౌండ్లకు పైగా తూగుతుంది, దాని స్థానంలోకి వచ్చే నీరు 62 పౌండ్లే. పైబరువు తగ్గుతుంది గనుక అడుగున ఉన్న మట్టి ఉబ్బి పైకి తన్నడమే ఇక్కడ అసలు ప్రమాదం. అది కూడా అంతటా సమానంగా తన్నితే పెద్ద నష్టం లేదు. ఒక పక్క రోజూ స్ప్రింక్లర్ తడుపుతూ, ఇంకో పక్క చెట్టు వేళ్లు తడి పీల్చేస్తూ ఉంటే ఒక వైపే లేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది, కొలను పైపే ఎక్కడో సన్నగా కారుతూ అడుగు మట్టికి నీరందించడం.

మట్టి పరీక్ష అంటే పెరట్లో ఒకటి రెండు బోర్లు వేసి, సాధారణంగా ఇరవై అడుగుల వరకు నమూనాలు తీసి, తడిస్తే ఆ మట్టి నిలువుగా ఎన్ని అంగుళాలు లేవగలదో లెక్కగట్టి ఇవ్వడం. ఆ అంగుళాల అంకె చూసిన తరువాతే గోడ మందం, చువ్వల మందం, చువ్వల మధ్య దూరం నిర్ణయించాలి. లక్ష డాలర్ల పనిలో ఆ పరీక్ష ఖర్చు చాలా చిన్నది.

మెకిన్నీ_మామిడి

ఇంజనీరు గారు చెప్పినది మా పెరట్లో కళ్లారా చూస్తున్నాం. మా కొలనులో నీటిమట్టం స్పా వైపు టైలు పై అంచును తాకుతుంది, అవతలి వైపు అదే టైలు పై సగం బయటికి కనిపిస్తుంది. నీరు ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది కాబట్టి వంగింది కొలనేనని వేరే పరికరం లేకుండానే తెలుస్తుంది. ఇప్పటికి అంగుళంన్నర తేడా వచ్చింది. నీటి పైపొరను పీల్చే స్కిమ్మర్ ఒక్కోసారి గాలి పీలుస్తుంది, స్పా మీంచి జారే నీరు ఒక మూల నుంచే జారుతుంది. బిల్డరును పిలిస్తే వచ్చి చూసి, మీరు చెప్పిన ఆ మినహాయింపు పేరాను వేలు పెట్టి చూపించి వెళ్లారు. మాకు ఇచ్చిన జీవితకాల హామీ ఆ ఒక్క పేరాతో కాగితానికే పరిమితమైంది.

సెలీనా_శ్రీ

మామిడి గారి కష్టం చదివి బాధ కలిగింది. అయితే ఇలాంటి చోట కొలను కింద పియర్లు (భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేస్తే సరిపోతుందని మా బిల్డరు అప్పట్లో చెప్పారు, మేము అదనంగా చెల్లించి వేయించుకున్నాం. ఉప్పుటేరు గారూ, పరీక్ష బదులు పియర్లు అడిగితే పని సులువుగా అయిపోతుంది కదా?

నల్లరేగడి_ఇంజనీరు

ఇక్కడ నేను శ్రీ గారితో గట్టిగా విభేదిస్తాను. లెక్క లేకుండా వేసిన పియర్లు కొన్నిసార్లు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయి. పియరు కదలని పొర వరకు దిగకపోతే, చుట్టూ ఉబ్బే మట్టి దాన్ని కూడా పట్టి పైకి లాగుతుంది. దిగితే, పియరు ఉన్నచోట గోడ ఆగి, లేనిచోట లేస్తుంది గనుక మధ్యలో పగులుతుంది. పియర్ల మీద నిలిచేలా గీసిన కొలను వేరు, నేల మీద ఒకే ముక్కగా తేలేలా గట్టిగా గీసిన కొలను వేరు. ఏది మీకు తగినదో మట్టి నివేదిక చూసిన ఇంజనీరు ముద్ర వేసి చెప్పాలి. ధరల పట్టికలో పియరుకింత అని రాసి అమ్మే వస్తువు కాదది.

గుంటూరు_సివిల్

నేను హైదరాబాదు నుంచి రాస్తున్నాను, అక్కడి నిబంధనలు నాకు తెలియవు గానీ ఈ మట్టి మాత్రం బాగా తెలుసు. నల్లరేగడిలో కట్టడాల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ (పునాది స్తంభాల) పద్ధతిని రూపొందించింది. పైలు అడుగు భాగంలో ఉబ్బుగా వెడల్పు చేసి, పైమట్టి ఎంత లాగినా అక్కడ బిగుసుకొని నిలిచేలా చేయడం అందులోని కిటుకు. కాలువల లైనింగ్ కోసమైతే ఐఐటీ బాంబే ఆచార్యులు ఆర్.కె. కట్టి, ఉబ్బని జిగురు మట్టి పొరను మధ్యలో వేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. రెండూ వేర్వేరు సూత్రాలు, రెండూ ముందు మట్టిని కొలిచిన తరువాతే పనికొస్తాయి. ఇక్కడ చిన్న పంపుహౌసుకు కూడా నల్లరేగడిలో పరీక్ష లేకుండా పునాది గీయం.

లెక్కల_పుస్తకం

మట్టి సంగతి ఇంజనీర్లకు వదిలి నేను చెల్లింపుల గురించి చెబుతాను, ఎందుకంటే ఆ పట్టిక నన్ను మరీ కలవరపెట్టింది. గనైట్ కొట్టిన రోజుకే 80 శాతం, అంటే 94,400 డాలర్లు మీ చేయి దాటుతాయి. అప్పటికి మీ పెరట్లో ఉన్నది ఒక గొయ్యి, చువ్వలు, పైపులు, సిమెంటు గోడ. టైలు, కోపింగ్ (కొలను అంచు మీది పట్టీ), డెక్, పంపు, ఫిల్టరు, హీటరు, ప్లాస్టరు ఇంకా రావాలి. ప్లాస్టరుకు ముందే నూరు శాతం పూర్తవుతోంది. అంటే నీళ్లు నింపి, పంపు తిరిగి, స్పా వేడెక్కడం మీరు చూసే సమయానికి బిల్డరుకు రావలసినది ఏమీ మిగలదు. డబ్బంతా అందిన పని ఎంత చురుగ్గా ముగుస్తుందో మీరే ఊహించుకోండి.

టెక్సస్‌లో ఎలక్ట్రీషియనుకు రాష్ట్ర లైసెన్సు ఉండాలి గానీ, ఈతకొలను బిల్డరుకు రాష్ట్ర స్థాయిలో లైసెన్సు అంటూ ఏదీ లేదు. అందువల్ల మీ రక్షణంతా ఒప్పందంలోనే ఉంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయం ప్రకారం, ఒప్పందం ధరలో పది శాతాన్ని పని జరుగుతున్నంత కాలం, పూర్తయిన తరువాత 30 రోజుల వరకు ఇంటి యజమాని తన దగ్గరే ఉంచుకోవాలి. తవ్వినవారికో చువ్వలు కట్టినవారికో బిల్డరు డబ్బు ఎగ్గొడితే, వారు మీ ఇంటి మీద లీన్ (బాకీ వసూలుకు ఆస్తి మీద పెట్టే చట్టపరమైన హక్కు) వేసే అవకాశం ఉంది కాబట్టే చట్టం ఆ ఏర్పాటు చేసింది. మీ విషయంలో అది 11,800 డాలర్లు. ఆ మొత్తాన్ని ఉంచుకోకపోతే, ఆ మేరకు బాధ్యత మళ్లీ మీ మీదికే వస్తుంది.

ప్రతి చెల్లింపుకు ముందు, అప్పటివరకు పనిచేసిన ఉప కాంట్రాక్టర్ల దగ్గర నుంచి డబ్బు ముట్టిందని సంతకం చేసిన లీన్ వేవర్ (లీన్ హక్కు వదులుకున్న కాగితం) తీసుకోండి. ఉప కాంట్రాక్టర్ల, సరకు ఇచ్చేవారి జాబితా రాతపూర్వకంగా అడగండి. ఆ జాబితా అడిగే హక్కును మీరు వదులుకుంటున్నట్లు ఒప్పందంలో ఎక్కడైనా వాక్యం ఉంటే కొట్టివేయించండి. సొంత ఇంటి మీద లీన్ చెల్లాలంటే పని మొదలుకాకముందే భార్యాభర్తలిద్దరూ ఒప్పందం మీద సంతకం చేయాలన్న నియమం కూడా ఉంది. అందుకే మీ శ్రీమతి గారి సంతకం కూడా అడుగుతారు, ఆవిడ కూడా ప్రతి పేజీ చదివే పెట్టాలి. ఇంత మొత్తానికి ఒక న్యాయవాదికి గంట ఫీజు చెల్లించి చూపించడం మంచిది.

ఉప్పుటేరు_వాసి

లెక్కల పుస్తకం గారూ, ఆ పది శాతం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం గడువు పొడిగించమని ఇప్పుడే రాశాను. ఒప్పుకోకపోతే రెండో బిల్డరు దగ్గరికి వెళతాను. మట్టి పరీక్ష కూడా బిల్డరు ద్వారా కాకుండా నేనే సొంతంగా చేయిస్తాను.

తులసికోట

ఈశాన్యం గురించి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను చెబుతాను. పెద్దవారి మాటను తోసిపుచ్చాల్సిన పని లేదు, ఈజ్‌మెంట్ నియమాన్ని దాటాల్సిన పనీ లేదు. పెరడు తూర్పున ఉండటం మీకు అన్ని విధాలా అనుకూలం. కొలనును పెరటి మధ్యగీతకు ఉత్తరాన ఉంచి, ఈజ్‌మెంట్ హద్దు నుంచి లోపలికి జరిపితే అది ఇంటికి ఈశాన్య భాగంలోనే ఉంటుంది. నీరు సరిగ్గా కంచె మూలకే ఉండాలని వాస్తు కూడా అనదు. పంపు, హీటరు పెట్టే దిమ్మెను ఆగ్నేయం వైపు పెట్టండి, అగ్నికి ఆ దిక్కే చెబుతారు. మీ గ్యాస్ మీటరు ఇంటికి దక్షిణం గోడకు ఉంటే గ్యాస్ పైపు కూడా పొట్టిగా సరిపోతుంది.

ఇంకో లాభం ఉంది. ఇల్లు పడమట ఉంది గనుక సాయంత్రం దాని నీడ కొలను మీద పడుతుంది. జులైలో సాయంత్రం అయిదు గంటలకు ఆ నీడ విలువ తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో మాత్రం అదే నీడ వల్ల నీరు చల్లగా ఉంటుంది.

వాన_చినుకు

తులసికోట గారి మాటకు ఒక జాగ్రత్త కలుపుతాను. ఈజ్‌మెంట్ దాటకపోయినా, డెక్ పోసిన తరువాత ఆ వాననీటి దారి మూసుకుపోకూడదు. కొలను, డెక్ కలిసి పెరటిలో నీరు ఇంకే చోటును చాలావరకు కప్పేస్తాయి. ఇంటికీ కొలనుకూ మధ్య పడిన వాన ఎటు పోతుందో నక్షా గీతల మీద బాణం గుర్తులతో చూపించమని అడగండి. డెక్ అడుగుకు పావు అంగుళం చొప్పున కొలనుకు దూరంగా వాలాలి, మధ్యలో డ్రెయిన్లు ఉండాలి, వాటి పైపు ఎక్కడ బయటపడుతుందో కూడా రాయాలి. ఆ నీరు పక్కింటివారి పెరటిలోకి మళ్లి నష్టం చేస్తే టెక్సస్ వాటర్ కోడ్ ప్రకారం వారు మీ మీద దావా వేయవచ్చు. మా వీధిలో రెండు ఇళ్ల మధ్య మాటలు లేకుండా పోయింది ఇలాంటి డ్రెయిన్ వల్లే.

కోపింగుకూ డెక్కుకూ మధ్య ఒక ఖాళీ వదిలి మెత్తని సీలెంటుతో నింపుతారు. ఆ ఖాళీ అడుగు దాకా ఉండాలి. పైన గీత గీసి రంగు పూసి వదిలేస్తే డెక్ కదిలినప్పుడు కోపింగును నెట్టి టైళ్లను రాలగొడుతుంది.

కరెంటు_పని

నేను ఎలక్ట్రీషియనుగా ఈ పనులు చేస్తున్నాను. కొలనులో అందరూ దీపాల రంగుల గురించి అడుగుతారు, బాండింగ్ గురించి ఒక్కరూ అడగరు. చువ్వల జాలీని, పంపు మోటారును, మెట్ల పట్టీలను, కొలను లోపలి గోడ నుంచి మూడు అడుగుల వరకు ఉన్న డెక్‌ను 8వ నంబరు రాగి తీగతో ఒకటిగా కలపాలని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ ఆర్టికల్ చెబుతుంది. నీటిలో ఉన్న చేతికీ, డెక్ మీద ఉన్న కాలికీ మధ్య విద్యుత్ తేడా రాకుండా కాపాడేది అదే. గనైట్ కొట్టాక, డెక్ పోశాక ఆ తీగ ఎవరికీ కనిపించదు. కాబట్టి రెండు దశల్లోనూ నగర ఇన్‌స్పెక్టర్ చూసి ఆమోదించిన కాగితం మీ చేతికి రావాలి.

గ్యాస్ గురించి కూడా ఒక మాట. గంటకు నాలుగు లక్షల బీటీయూల (వేడిని కొలిచే యూనిట్లు) హీటరు మీటరుకు 60 అడుగుల దూరంలో ఉంటే, మామూలు ఇంటి పీడనంలో ఒక అంగుళం పైపు దానికి చాలదు. మంట బలహీనంగా ఉండి హీటరు ఆగిపోతూ ఉంటుంది, తప్పు హీటరుదని అందరూ దాన్నే విప్పుతారు. ఇంటి ఫర్నేసు, పొయ్యి, నీళ్ల హీటరు అన్నీ కలిపి ఇప్పుడున్న మీటరు సరిపోతుందో లేదో ముందే లెక్క వేయించండి. మీటరు మార్పు ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించండి.

వేడినీళ్లు

స్పా గురించి అడిగారు కదా, మాకు చలికాలంలో కొలను కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. మీరు చెప్పిన కొలతల స్పాలో బెంచీలు పోను సుమారు 800 గ్యాలన్ల నీరు పడుతుంది. 60 డిగ్రీల నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తేవాలంటే దాదాపు 2,67,000 బీటీయూలు కావాలి. నాలుగు లక్షల హీటరు గంటకు నీటికి అందించేది మూడు లక్షల పైచిలుకే కాబట్టి, గాలి లేని రోజున యాభై నిమిషాల్లో సిద్ధమవుతుంది. చిన్న హీటరు పెట్టించుకుంటే గంటన్నర ఎదురు చూసి, చివరికి వాడటమే మానేస్తారు.

అదే హీటరుతో 17,000 గ్యాలన్ల కొలనును ఇరవై డిగ్రీలు పెంచాలంటే ఎనిమిది గంటలకు పైనే పడుతుంది, గ్యాస్ బిల్లు కూడా ఆ లెక్కలోనే వస్తుంది. కాబట్టి కొలనును వేడిచేసే ఆశ పెట్టుకోకుండా, స్పా కోసమే హీటరు అనుకొని గీయించుకోండి.

స్పాలో నీటిని ఒత్తిడితో చిమ్మే జెట్లకు విడిగా ఒక పంపు అడగండి. ఒకే పంపుతో వాల్వులు తిప్పి నడిపే ఏర్పాటు చవకే గానీ, స్పా వాడుతున్నంత సేపు కొలను నీరు శుభ్రపడటం ఆగిపోతుంది, జెట్ల ఒత్తిడీ తగ్గుతుంది. స్పా ఎత్తుగా ఉంది గనుక పంపు ఆగినప్పుడు దాని నీరు కొలనులోకి వెనక్కి జారిపోకుండా చెక్ వాల్వ్ ఉండాలి. ఇంటి తలుపుకు దగ్గరగా పెట్టించుకోవడం కూడా ముఖ్యం. జనవరి రాత్రి తడిసిన ఒంటితో పెరడంతా దాటాలంటే ఎవరూ రారు.

సెలీనా_శ్రీ

విడి పంపు గురించి వేడినీళ్లు గారితో ఏకీభవిస్తాను, మా ఇంట్లో అది లేక ఇబ్బంది పడుతున్నాం. ప్రధాన పంపు మాత్రం వేగం మార్చుకోగలిగేదై ఉండాలి. సగం వేగంతో తిప్పితే కరెంటు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. 2021 జులైలో వచ్చిన అమెరికా ఇంధన శాఖ ప్రమాణాల తరువాత పెరటి కొలనుల పంపులు చాలావరకు అలాంటివే వస్తున్నాయి గానీ, పాత సరకు ఏదైనా అంటగడుతున్నారేమో చూసుకోండి.

పిల్లల_డాక్టరమ్మ

ఇంతవరకు ఎవరూ కంచె మాట ఎత్తలేదు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీటిలో మునిగిపోవడమే. మీ పెరటి చుట్టూ ఉన్న చెక్క కంచె బయటి పిల్లలను ఆపుతుంది, మీ ఇంట్లోని పిల్లలకు మాత్రం వెనుక తలుపే దారి. నాలుగు అడుగులకు తగ్గని లోపలి కంచె, దానంతటదే మూసుకొని గడియ పడే గేటు, వెనుక తలుపులకు అలారం మొదటి రోజు నుంచే ఉండాలి. తరువాత పెట్టించుకుందామని చాలామంది అంటారు. డెక్ పోసేటప్పుడే కంచె గుంజలకు రంధ్రాలు వదిలించుకుంటే పని చక్కగా వస్తుంది, కాబట్టి ఇప్పుడే గీతలో పెట్టించండి. భారతదేశం నుంచి తల్లిదండ్రులు వచ్చి మనవళ్లను చూసుకునే ఇళ్లలో ఇది మరీ అవసరం. చీర కట్టుకున్న పెద్దావిడ, నీటిలో పడ్డ బిడ్డ కోసం దూకితే ఇద్దరూ ప్రమాదంలో పడతారు. అమ్మగారికి అలారం మోత ఏమిటో, గేటు ఎలా వేయాలో, లైఫ్ రింగ్ ఎక్కడుందో చూపించండి.

అడుగున నీరు పీల్చే డ్రెయిన్లు రెండు ఉండాలి, వాటి మధ్య కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాపను స్పా డ్రెయిన్ పట్టి లాగి ప్రాణం తీసింది. ఆ పాప పేరిటే 2007లో సమాఖ్య చట్టం వచ్చింది, డ్రెయిన్ మూతల ప్రమాణాలు మారాయి. స్పాలో ఒక్క డ్రెయిన్ గీసి ఉంటే వెంటనే మార్పించండి. స్పా నీరు 104 డిగ్రీలు దాటకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలను అంత వేడిలో కూర్చోబెట్టవద్దు. రక్తపోటు మందులు వాడే పెద్దవారు తమ వైద్యులను అడిగి దిగాలి.

మెకిన్నీ_మామిడి

2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తున్నవారికి ఇది తెలుసు. చలి పడగానే పంపును తిప్పే రక్షణ ఏర్పాటు కరెంటు ఉన్నంత వరకే పనిచేస్తుంది. ఆ వారం కరెంటు పోయి మా వీధిలో ఫిల్టర్లు, హీటర్లు పగిలిపోయాయి. పంపు, ఫిల్టరు, హీటరు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గులు చేతికి అందేలా దిమ్మె మీద చోటు వదలమని చెప్పండి. గోడకు అతికించినట్లు బిగిస్తే చీకట్లో, మంచులో వాటిని విప్పడం ఎవరి తరమూ కాదు.

నల్లరేగడి_ఇంజనీరు

ఉప్పుటేరు గారూ, గనైట్ కొట్టే రోజున ఇంట్లో ఉండండి. చువ్వల జాలీ మట్టిని తాకకుండా సిమెంటు దిమ్మెల మీద మూడు అంగుళాలు ఎత్తుగా నిలిచి ఉండాలి. మనుషులు తొక్కుతూ తిరిగేటప్పుడు అది కిందికి జారుతుంది. అంతటా జారి ఉంటే పని ఆపించాల్సిందే. గొట్టం నుంచి వేగంగా కొట్టినప్పుడు కొంత సరకు గోడకు తగిలి వెనక్కి ఎగిరి అడుగున పోగవుతుంది. అందులో ఇసుకే ఎక్కువ, సిమెంటు తక్కువ. కొందరు పనివాళ్లు దాన్నే పారలతో ఎత్తి మెట్లకూ స్పా బెంచీలకూ వాడేస్తారు. పైన ప్లాస్టరు పడ్డాక తేడా తెలియదు గానీ, కొన్నేళ్లకు పగిలేది సరిగ్గా ఆ బెంచీలే. ఆ పోగంతా బయట పారబోయాలని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించండి.

తరువాత కనీసం ఏడు రోజులు ఆ గోడలను తడుపుతూ ఉండాలి. ఆ పని సాధారణంగా ఇంటివాళ్లకే అప్పగిస్తారు. ప్లాస్టరుకు 28 రోజుల వరకు ఆగితే మంచిది. తొందరపెట్టేవారి మాట వినకండి. ఇంకొకటి, కొలను నిండాక ఎవరు చెప్పినా ఇంజనీరును అడగకుండా పూర్తిగా ఖాళీ చేయకండి. వానల్లో ఖాళీ కొలనును అడుగు నీరు పైకి లేపగలదు.

తవ్వేటప్పుడు రాయి తగలవచ్చు. సున్నపురాయి తగిలితే అదనపు ధర గంటకింత అనో ఘనపు గజానికింత అనో ముందే రాయించుకోకపోతే, గొయ్యి పక్కన నిలబడి బేరమాడాల్సి వస్తుంది. మీ గొయ్యి నుంచి పది లారీలకు పైనే మట్టి వెళుతుంది, అది ఎక్కడికి వెళుతుందో, ఖర్చు ఎవరిదో కూడా రాయాలి.

ఉప్పుటేరు_వాసి

అందరికీ కృతజ్ఞతలతో జరిగినది చెబుతున్నాను. శుక్రవారం గడువు దాటినా ధర మారలేదు. మట్టి నివేదిక వచ్చింది. కొలను దక్షిణపు చివర కింద నాలుగు అడుగుల మేర పోసిన మట్టి ఉందని తేలింది. నివేదిక చూసిన స్ట్రక్చరల్ ఇంజనీరు పియర్లు వద్దని, పోసిన మట్టిని తీసి మళ్లీ పొరలుగా గట్టిపరచాలనీ, అర అంగుళం చువ్వలను ఇంకా దగ్గరగా కట్టాలనీ ముద్ర వేసి గీసి ఇచ్చారు. బిల్డరు దీనికి 6,400 డాలర్లు అదనంగా అడిగారు, ఒప్పుకున్నాం.

చెల్లింపుల పట్టిక మారింది. గనైట్ వరకు 55 శాతమే, చట్టం చెప్పిన పది శాతం పని పూర్తయిన 30 రోజుల తరువాత. మొదట ఆయనకు నచ్చలేదు గానీ, చట్టం పేజీ చూపించాక మారు మాట్లాడలేదు. కొలను మధ్యగీతకు ఉత్తరాన, ఈజ్‌మెంట్‌కు ఇవతల సర్దుకుంది, హీటరు ఆగ్నేయంలో వచ్చింది. అమ్మ సంతోషించింది. స్పాకు విడి పంపు, రెండు డ్రెయిన్లు, లోపలి కంచెకు గుంజల రంధ్రాలు గీతలో చేరాయి.

ఒక్కటి మిగిలింది. భూమి కదలిక మినహాయింపును పూర్తిగా తీసేయడానికి ఆయన ఒప్పుకోవడం లేదు. ఇంజనీరు గీత ప్రకారం కట్టకపోవడం వల్ల వచ్చిన కదలికకు మాత్రం బాధ్యత వహిస్తానంటున్నారు. ఇది సరిపోతుందా?

లెక్కల_పుస్తకం

సరిపోతుంది, అది న్యాయమైన మాటే. మట్టికి ఎవరూ పూచీ పడలేరు గానీ, తన పనికి తాను పూచీ పడాలి. చిక్కల్లా, గీత ప్రకారం కట్టలేదని రేపు నిరూపించాల్సింది మీరే.

నల్లరేగడి_ఇంజనీరు

అందుకే చువ్వలు కట్టిన తరువాత, గనైట్ కొట్టక ముందు, గీత గీసిన ఆ ఇంజనీరే వచ్చి చూసి, గీత ప్రకారమే ఉందని సంతకంతో లేఖ ఇవ్వాలి. గట్టిపరచిన మట్టికి కూడా పొర పొరకు పరీక్ష ఫలితాలు అడగండి. ఆ కాగితాలు మీ చేతికి రాకుండా గనైట్ చెల్లింపు గడువు మొదలుకాదని ఒప్పందంలో చేర్పించండి. నగర ఇన్‌స్పెక్టర్ తనిఖీ వేరు, ఇది వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది మానవద్దు. టేపు పెట్టి చువ్వల మధ్య దూరం కనిపించేలా మీరూ ఫొటోలు తీసుకోండి, పోసిన మట్టి ఉన్న దక్షిణపు చివర ఎక్కువగా.

ఉప్పుటేరు_వాసి

ఆ వాక్యం చేర్పించాను, బిల్డరు ఒప్పుకొని పక్కన పొడి అక్షరాలు పెట్టారు. ఇంజనీరు లేఖకు అయ్యే ఫీజు మేము భరిస్తున్నాం. సోమవారం మేమిద్దరం సంతకాలు పెడతాం, అదే రోజు హెచ్‌ఓఏకు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) గీతలు పంపుతాం. శ్రీ గారు చెప్పిన పెబుల్ రంగుల గురించి విడిగా ఇంకో చర్చ తెరుస్తాను, నీడ పడే కొలనుకు ఏ రంగు బాగుంటుందో అక్కడ చెప్పండి.